జులై నాలుగు టపాసుల కొట్టు: మా తెలుగు బడి దరఖాస్తు పెట్టాలా, వద్దా?

వంశధార (చర్చ మొదలుపెట్టినవారు)

అందరికీ నమస్కారం. మాది సాక్రమెంటో చుట్టుపక్కల ఒక ఊరు. ఊరి పేరు చెప్తే సంఘం ఏదో తెలిసిపోతుంది, అందుకే చెప్పట్లేదు. ఆదివారాలు పిల్లలకి తెలుగు నేర్పే చిన్న సంఘం మాది, లాభాపేక్ష లేనిది. హాలు అద్దె, పుస్తకాలు, ఇన్సూరెన్స్ అంటూ ఏటా డబ్బుల టెన్షనే. ఈసారి కమిటీలో ఒకరు "జులై నాలుగుకి టపాసుల బూత్ పెడదాం, బేస్‌బాల్ టీమ్ వాళ్లు పెడుతున్నారు, చర్చి వాళ్లు పెడుతున్నారు, మనమెందుకు పెట్టకూడదు" అన్నారు. అంతే, కమిటీ రెండుగా చీలింది.

ఇండియాలో ఉన్నవాళ్ల కోసం ఇక్కడి పద్ధతి చెప్తాను. జులై నాలుగు అంటే అమెరికా స్వాతంత్ర్య దినం. కాలిఫోర్నియాలో టపాసులు రెండు రకాలు. రాష్ట్ర ఫైర్ మార్షల్ పరీక్షించి ముద్ర వేసినవాటిని 'సేఫ్ అండ్ సేన్' అంటారు. చిచ్చుబుడ్లు, నేల మీద తిరిగే చక్రాలు, పొట్టి కాకరపువ్వొత్తులు ఇందులోకి వస్తాయి. పైకి ఎగిరేవీ ఢామ్మని పేలేవీ, అంటే తారాజువ్వలు, సీమటపాకాయలు, రోమన్ క్యాండిల్స్, ఇవన్నీ ప్రమాదకరమైనవాటి జాబితాలో ఉంటాయి. పది అంగుళాలు దాటితే కాకరపువ్వొత్తి కూడా ఆ జాబితాలోకే పోతుంది. మొదటి రకాన్ని అమ్ముకోవడానికి రాష్ట్ర చట్టం ఇచ్చిన గడువు జూన్ 28 మధ్యాహ్నం పన్నెండు నుంచి జులై 6 మధ్యాహ్నం పన్నెండు దాకా. 16 ఏళ్లు నిండనివాళ్లకి అమ్మకూడదు. ఆ గడువు లోపల ఎన్ని రోజులు, ఎన్ని కొట్లు, ఎవరికి, అసలు అనుమతి ఇవ్వాలా వద్దా అన్నది ఊరి ఇష్టం. రాష్ట్రం మొత్తం మీద దాదాపు 300 చోట్ల అనుమతి ఉంది. అలాంటి ఊళ్లలో చాలావరకు స్థానికంగా ఉన్న లాభాపేక్ష లేని సంఘాలకే కొట్టు ఇస్తారు. మా ఊళ్లో కొట్ల సంఖ్యకి ఒక పరిమితి ఉంది. దరఖాస్తులు ఎక్కువైతే లాటరీ తీస్తారు.

నాకు రెండు విషయాల మీద మీ అభిప్రాయం కావాలి. ఒకటి, ఊరు ఇలా సంఘాలకి మాత్రమే ఇవ్వడం మంచి పద్ధతేనా? రెండు, మా బడి ఇందులో దిగాలా?

బెజవాడ అబ్బాయి

వంశధార గారూ, నేను మొదటే చెప్పేస్తున్నా, నేను వ్యతిరేకం. 2022లో దీపావళికి ముందురోజు, అక్టోబర్ 23న, విజయవాడ గాంధీనగర్ జింఖానా గ్రౌండ్స్‌లో టపాసుల స్టాళ్లు తగలబడ్డాయి. ఇద్దరు చనిపోయారు. అవి అనుమతి ఉన్న తాత్కాలిక స్టాళ్లే. మన దేశంలో 2008 ఎక్స్‌ప్లోజివ్స్ రూల్స్ ప్రకారం తాత్కాలిక షెడ్డుకీ షెడ్డుకీ మధ్య 3 మీటర్లు ఉండాలి, ఇళ్లూ జనం గుమిగూడే కట్టడాల్లాంటి వాటికి 50 మీటర్ల దూరం ఉండాలి, షెడ్లు ఎదురెదురుగా ఉండకూడదు, ఒక్కచోట 50 దాటకూడదు. కాగితం మీద బాగానే ఉంటుంది. ఏడాదికి నాలుగు రోజులు తెరిచే కొట్లో ఆ కాగితాన్ని ఎవరు పాటిస్తారన్నదే నా బాధ.

పైగా మీ దగ్గర అమ్మేది వ్యాపారులు కూడా కాదు. పొద్దున ఆఫీసు, సాయంత్రం బూత్. బేస్‌బాల్ కోచ్ అమ్మినా, పూజారి గారు అమ్మినా మందు మందే.

బూత్ నాన్న

అబ్బాయి గారూ, మీ భయం అర్థమైంది. కానీ ఇక్కడి కొట్టు మీరు ఊహించుకుంటున్నట్టు ఉండదు. మా అమ్మాయి స్విమ్ టీమ్ కోసం నేను కొన్ని వేసవులు బూత్‌లో నిలబడ్డాను. చూసింది చెప్తాను.

అన్ని కొట్లనీ ఒకే మైదానంలో వరసగా పెట్టరు. ఒక్కో కొట్టు ఒక్కో పెద్ద షాపు పార్కింగ్ లాట్‌లో, మూలకి, విడిగా ఉంటుంది. ప్లైవుడ్ డబ్బా లాంటి కొట్టు. ముందు వైపు తీగ జాలీ, దాని వెనక సరుకు. కొనేవాళ్లు చేత్తో ముట్టుకోలేరు, వేలు చూపించి అడగాలి. రెండు వైపులా తలుపులు, రెండు ఫైర్ ఎక్స్‌టింగ్విషర్లు. జనరేటర్ దూరంగా పెట్టాలి. చుట్టూ సిగరెట్ తాగకూడదని బోర్డులు. తెరిచే ముందు ఫైర్ డిపార్ట్‌మెంట్ ఇన్‌స్పెక్టర్ వచ్చి చూసి, సంతకం పెట్టాకే అమ్మకం మొదలు. మా బూత్‌లో ఒక ఏడాది ఎక్స్‌టెన్షన్ తీగ పల్చగా ఉందని తెరవనివ్వలేదు. మందం తీగ కొనుక్కొచ్చేదాకా ఆయన కదల్లేదు. ఎండ చూస్తే నూట నాలుగో అయిదో ఫారన్‌హీట్. పోయిన ప్రాణం మళ్లీ వచ్చినట్టు సాయంత్రం ఆరు తర్వాత గాలి ఆడేది, అప్పుడే జనం ఎగబడేవాళ్లు.

ఇక అసలు కష్టం రాత్రి. సరుకుని వదిలి వెళ్లకూడదు, లోపల పడుకోకూడదు. అంటే ఇద్దరు తండ్రులు పక్కన కారులో కూర్చుని తెల్లవార్లూ కాపలా. పిల్లల టీమ్ పేరు మీద నడిచే కొట్లో పిల్లలకి పని లేదు. మా హోల్‌సేలర్ రూలు ప్రకారం 18 నిండినవాళ్లే కౌంటర్ వెనక ఉండాలి.

సరుకు మనం కొనం. హోల్‌సేల్ కంపెనీ అప్పుగా దింపుతుంది. కొట్టు వాళ్లదే, ఇన్సూరెన్స్ వాళ్లే ఏర్పాటు చేస్తారు, పర్మిట్ కాగితాలు కూడా వాళ్లే సగం నింపి ఇస్తారు. మిగిలిన సరుకు వెనక్కి తీసుకుంటారు. సంఘం పెట్టేది మనుషుల్ని, పేరుని. అమ్మకాల్లో మన వాటా మనకి. పెట్టుబడి లేకుండా ఒక్క వారంలో అంత డబ్బు తెచ్చే ఫండ్‌రైజర్ నాకింకోటి కనిపించలేదు. సమోసాల స్టాల్, కార్ వాష్, అన్నీ చేశాం.

కాబట్టి నా ఓటు: పెట్టండి. కానీ రాత్రి కాపలాకి మనుషులున్నారో లేదో ముందు లెక్క చూసుకోండి.

స్వేచ్ఛా విపణి

బూత్ నాన్న గారు అంతా చెప్పి అసలు మాట పక్కన పెట్టేశారు. కొట్టు కంపెనీది, సరుకు కంపెనీది, కాగితాలు కంపెనీవి. సంఘం పెట్టేది "మనుషుల్ని, పేరుని" అన్నారు చూడండి, ఆ పేరు కోసమే ఇదంతా. కంపెనీ నేరుగా సిటీ కౌన్సిల్ ముందుకొచ్చి "మాకు పాతిక కొట్లకి అనుమతివ్వండి" అంటే ఎవరు ఇస్తారు? అదే పాతిక సంఘాల పిల్లలు యూనిఫాంలు వేసుకుని వచ్చి మైకు ముందు నిలబడితే కాదనే దమ్ము ఏ కౌన్సిలర్‌కి ఉంటుంది?

అమ్మడం సురక్షితమే అయితే లైసెన్స్ ఫీజు, ఇన్సూరెన్స్, శిక్షణ అన్నీ కట్టగల వ్యాపారికివ్వండి. సురక్షితం కాకపోతే ఎవరికీ ఇవ్వొద్దు. "ప్రమాదమే, కానీ మంచి పనికి కదా" అనేది నియంత్రణ కాదు.

బూత్ నాన్న

వ్యాపారికిస్తే ఆ డబ్బు ఊళ్లో మిగలదు కదండీ. సంఘానికిస్తే ఈత కొలను లేన్ అద్దెకి, హైస్కూల్ బ్యాండ్ వాయిద్యాలకి పోతుంది. ఊరికి ఏదో ఒక ఇబ్బంది ఎలాగూ ఉన్నప్పుడు లాభమైనా ఊళ్లో ఉండనివ్వండి.

ఇంకో సంగతి. సంఘం ఊళ్లోనే ఉంటుంది, వచ్చే ఏడాది కూడా లాటరీలో పేరు ఉండాలనుకుంటుంది. అందుకే పదిహేనేళ్ల కుర్రాడు వచ్చి అడిగితే ఐడీ చూపించమంటాం. మా టీమ్‌లో ఒకాయన సొంత పక్కింటి అబ్బాయినే వెనక్కి పంపించాడు. సీజన్‌కొచ్చి పోయే వ్యాపారికి ఆ భయం ఉంటుందా?

సొనోమా శేషు

నాది ఉత్తరాన సొనోమా కౌంటీ. పక్కనే ఉన్న రోనర్ట్ పార్క్ కథ ఈ చర్చకి సరిగ్గా సరిపోతుంది, చెప్తాను.

ఆ ఊళ్లో కూడా ఇదే పద్ధతి, సంఘాలే అమ్మేవి. 2021లో సిటీ కౌన్సిల్ 'సేఫ్ అండ్ సేన్' టపాసుల్ని కూడా నిషేధించింది. వ్యతిరేకించినవాళ్లు సంతకాలు సేకరించి విషయాన్ని ఓటింగ్ దాకా తీసుకెళ్లారు. ఆ సెప్టెంబర్‌లో గవర్నర్‌ని పదవిలోంచి దింపాలా వద్దా అని జరిగిన రీకాల్ ఎన్నికతో పాటే దీనికీ ఓటింగ్ పెట్టారు. జనం నిషేధాన్నే నిలబెట్టారు. సంఘాలంటే ప్రేమ లేక కాదు. 2017 అక్టోబర్‌లో టబ్స్ కార్చిచ్చు పక్కనున్న శాంటా రోసాలో వేల ఇళ్లు తినేసింది. ఆ పొగ పీల్చినవాళ్లకి నిప్పురవ్వ అంటే ఏంటో వేరే చెప్పక్కర్లేదు.

ఇందులో నాకు అర్థమైంది ఒక్కటే. మొదట నాలుగు సంఘాలకి కాస్త సాయంగా ఉంటుందని అనుమతి ఇస్తారు. నాలుగేళ్లయ్యేసరికి ఆ డబ్బు వాళ్ల బడ్జెట్‌లో కూర్చుంటుంది. ఆ తర్వాత వానలు పడని ఏడాది వచ్చి, కొండ మీద గడ్డి జూన్‌కే పచ్చదనం పోయి ఎండిపోయినా సరే, కౌన్సిల్ "ఈసారి వద్దు" అనలేదు. అంటే ముప్పై సంఘాల బడ్జెట్‌కి చిల్లు పెట్టినట్టే. మా దగ్గర ఆ మాట అనడానికి ఎన్నికే పెట్టాల్సి వచ్చింది. స్వేచ్ఛా విపణి గారు కంపెనీల గురించి అన్నదానికన్నా నాకు ఇదే పెద్ద చిక్కుగా కనిపిస్తుంది.

సిద్దిపేట సీను

శేషన్నా, నిషేధం పెట్టినంక మీ దిక్కు పేలుళ్లు ఆగినయా? నిజంగ అడుగుతున్నా.

సొనోమా శేషు

పూర్తిగా ఆగలేదు సీనూ. ఆగిందని అబద్ధం చెప్పను. పక్క రాష్ట్రం నెవాడా నుంచి కార్ల డిక్కీల్లో తెచ్చేవి వస్తూనే ఉన్నాయి.

సిద్దిపేట సీను

అదే నేను చెప్పేది అన్నా. మస్తు సప్పుడు చేసేటివి, రాత్రి రెండింటికి కుక్కల్ని మంచం కిందికి పంపేటివి బూత్‌ల దొరుకుతలేవు. అవి ముందునుంచే చట్టవిరుద్ధం. ఆ కేసుల్లో 50,000 డాలర్ల దాకా జరిమానా, జైలు కూడా ఉన్నయి. అయినా తెస్తున్నరు. మరి బూత్ మూసేస్తే ఎవరికి నష్టం? చట్టం పాటించే ఇంటికి. చిన్నపిల్లలతోని ఇంటి ముందట రెండు చిచ్చుబుడ్లు కాల్చుకునేటోళ్లకి.

ఊపిరి

నేను ఎమర్జెన్సీ విభాగంలో పని చేస్తాను. ఎక్కడ అన్నది అనవసరం.

సీను గారూ, "రెండు చిచ్చుబుడ్లు, రెండు కాకరపువ్వొత్తులు" అన్నంత తేలిక కాదండీ. కాకరపువ్వొత్తి కొన దాదాపు 2,000 డిగ్రీల ఫారన్‌హీట్ వేడి మీద మండుతుంది. మనం దాన్ని మూడేళ్ల పిల్ల చేతికిచ్చి ఫోన్‌లో వీడియో తీస్తాం. కన్స్యూమర్ ప్రొడక్ట్ సేఫ్టీ కమిషన్ లెక్క ప్రకారం 2024లో అమెరికాలో టపాసుల వల్ల 11 మంది చనిపోయారు, సుమారు 14,700 మంది గాయపడ్డారు. అందులో కాకరపువ్వొత్తుల వల్ల ఎమర్జెన్సీకి వచ్చినవాళ్లు సుమారు 1,700. ఇవి దేశం మొత్తం లెక్కలు, అన్ని రకాలవీ కలిపి. బూత్ సరుకు ఒక్కదానివే కావు, ఆ తేడా నేను ఒప్పుకుంటాను. కానీ "సేఫ్" అని ముద్ర ఉంది కదా అని జాగ్రత్త సడలిస్తారు. నా దగ్గరకి వచ్చే అమ్మానాన్నల్లో చాలామంది అనే మొదటి మాట "ఇది పర్మిషన్ ఉన్నదే అండీ" అని. కాళ్లకి అంటుకుపోయిన నైలాన్ లంగా ఊడదీసే పని నేను చేశాను. ఆ లంగా పర్మిషన్ అడగలేదు.

ఇక గాలి. 2015లో అచ్చైన ఒక అధ్యయనంలో దేశవ్యాప్తంగా 315 చోట్ల కొలతలు చూశారు. జులై నాలుగు సాయంత్రం నుంచి ఇరవై నాలుగు గంటల్లో పీఎం 2.5 అనే సన్నటి ధూళి సగటున 42 శాతం పెరిగింది. ఊరు ఒక్కో కొట్టుకి ఒక్కో పర్మిట్ లెక్కన ఇస్తుంది. ఆస్తమా పిల్లాడు పీల్చేది మాత్రం అన్ని కొట్ల పొగనీ కలిపి.

బెజవాడ అబ్బాయి

డాక్టర్ గారూ, నా మాట కూడా ఇదే. మన దగ్గర సుప్రీంకోర్టు 2018 అక్టోబర్‌లో దీపావళికి రాత్రి 8 నుంచి 10 దాకానే, అదీ గ్రీన్ క్రాకర్స్ మాత్రమే అంది. పాటించేది ఎంతమందో అందరికీ తెలుసు. కాలిఫోర్నియా వాళ్లు అంతకన్నా గొప్పగా పాటిస్తారని ఎందుకు నమ్మాలి?

సత్యభామ

మధ్యలో వస్తున్నాను, క్షమించండి. ఇక్కడ ఎవరూ ఎత్తని ప్రశ్న ఒకటుంది. ఈ బూత్‌లన్నీ జులై నాలుగుకే. మన పండగ అక్టోబర్‌లోనో నవంబర్‌లోనో వస్తుంది. 2025లో ఏబీ 268 అనే బిల్లు మీద గవర్నర్ సంతకంతో కాలిఫోర్నియా దీపావళిని రాష్ట్ర సెలవుల జాబితాలో చేర్చింది. సంతోషమే. కానీ ఆ రోజున చట్టబద్ధంగా ఒక్క చిచ్చుబుడ్డి కొనుక్కునే కొట్టు రాష్ట్రంలో ఉండదు. మరి మనవాళ్లు ఏం చేస్తున్నారు? జులైలో నాలుగు డబ్బాలు ఎక్కువ కొని గ్యారేజీలో దాస్తున్నారు. వాటర్ హీటర్ పక్కన, పెయింట్ డబ్బాల మీద. చాలా ఊళ్లలో వాటిని జులై నాలుగు చుట్టూ ఉన్న రోజుల్లోనే కాల్చాలి. అంటే దీపావళికి వీధిలో వెలిగించిన తండ్రి చట్టం తప్పినట్టే.

తెలుగు బడి బూత్ పెడితే కొనడానికి వచ్చేది ఎవరు? మనవాళ్లే ఎక్కువ. కొనేది దేనికి? వంశధార గారూ, మీ వాలంటీర్‌కి "దీపావళికి దాచుకోవచ్చా అన్నా?" అని అడిగేవాళ్లు వరసగా వస్తారు. ఏం చెప్పమంటారు?

వంశధార

సత్యభామ గారూ, ఇది నాకు తట్టనే లేదు. నిజమే, అడుగుతారు.

బూత్ నాన్న

అడుగుతారు కాదు, అడిగారు. మేం "ఈ వారమే కాల్చేయండి, మిగిలితే నీళ్ల బకెట్‌లో నానబెట్టి పారేయండి" అని చెప్పేవాళ్లం. తల ఊపి నాలుగు డబ్బాలు కారులో పెట్టుకుని వెళ్లేవాళ్లు. బూత్ దగ్గర అంతకన్నా చేయగలిగింది లేదు. రాష్ట్ర గడువు మార్చమని దీపావళి కోసం అడగడం వేరే పోరాటం. ఎండు గడ్డి కాలంలో అమ్మనిచ్చి, చలికాలం మొదట్లో అమ్మనివ్వకపోవడంలో తర్కం లేదని మాత్రం నేనూ అంటాను.

సొనోమా శేషు

అక్కడ చిన్న సవరణ బావా. కాలిఫోర్నియాలో ఘోరమైన కార్చిచ్చులు అక్టోబర్, నవంబర్‌లలో కూడా వచ్చాయి. టబ్స్ అక్టోబర్, పారడైజ్ ఊరిని కాల్చిన క్యాంప్ ఫైర్ 2018 నవంబర్. తూర్పు నుంచి పొడిగాలి కొట్టేది అప్పుడే, మొదటి వాన పడేదాకా అదే పరిస్థితి. దీపావళి గడువు అడిగేవాళ్లు ఈ లెక్క కూడా చూసుకుని అడగాలి.

పద్దుల పద్మ

నేను సీపీఏని, అంటే ఇక్కడి చార్టర్డ్ అకౌంటెంట్ లాంటిదాన్ని. ఇలాంటి చిన్న సంఘాల లెక్కలు చాలానే చూశాను. టపాసులు మంచివా చెడ్డవా అన్నది మీరు తేల్చుకోండి, నేను రెండో ప్రశ్నకి జవాబు చెప్తాను.

లాభాపేక్ష లేని సంఘం కాబట్టి సేల్స్ టాక్స్ ఉండదని చాలామంది అనుకుంటారు. కాలిఫోర్నియాలో అలా ఉండదు. బూత్ అమ్మకాల మీద టాక్స్ వసూలు చేసి కట్టాలి, దానికి తాత్కాలిక సెల్లర్స్ పర్మిట్ తీసుకోవాలి. రాష్ట్ర ఫైర్ మార్షల్ రిటైల్ లైసెన్స్, ఊరి పర్మిట్ వేరు. మీ సంఘం పేరున ఏవి ఉంటాయో, హోల్‌సేలర్ పేరున ఏవి ఉంటాయో ఒక కాగితం మీద రాయించుకోండి.

ఇక ఆదాయపు పన్ను. బడి నడపడం మీ ఆశయం, టపాసులు అమ్మడం కాదు. సంబంధం లేని వ్యాపారం ఏటా చేస్తే దాని ఆదాయం మీద పన్ను పడొచ్చు. కానీ ఆ పని దాదాపు అంతా జీతం లేని వాలంటీర్లే చేస్తే మినహాయింపు ఉంది. అందుకే రాత్రి కాపలాకి మనుషులు దొరకట్లేదని గంటకింత అని డబ్బులిచ్చి కుర్రాళ్లని పెట్టుకోబోయే ముందు నాలాంటివాళ్లని అడగండి. ఒక్క రాత్రితో మినహాయింపు పోతుందని కాదు, కానీ అలవాటైతే పోతుంది.

అన్నిటికన్నా ఎక్కువ మంది తప్పు చేసేది ఇక్కడ. "ఎవరు ఎక్కువ షిఫ్టులు చేస్తే వాళ్ల పిల్లాడి ఫీజు అంత తగ్గిస్తాం" అని పెడతారు. న్యాయంగానే కనిపిస్తుంది. 2013లో అమెరికా టాక్స్ కోర్టు వర్జీనియాలోని ఒక జిమ్నాస్టిక్స్ బూస్టర్ క్లబ్ (పిల్లల టీమ్‌కి డబ్బు పోగుచేసే తల్లిదండ్రుల సంఘం) కేసులో దీన్నే పట్టుకుంది. తల్లిదండ్రులు ఫండ్‌రైజింగ్‌లో సంపాదించిన పాయింట్లు సొంత పిల్లల ఖర్చుకే వాడుకునేవాళ్లు. అది సమాజానికి కాదు, ఆయా కుటుంబాలకి లాభమని కోర్టు తేల్చింది. క్లబ్‌కి 501(సి)(3) హోదా, అంటే సేవా సంస్థగా ఉన్న పన్ను మినహాయింపు, పోయింది. మీ బడిలో బూత్ డబ్బు అందరి ఫీజూ సమానంగా తగ్గించడానికి వాడండి, షిఫ్టుల లెక్కతో ముడిపెట్టకండి.

సిద్దిపేట సీను

అక్కా, అట్లయితే షిఫ్టుకి ఎవరొస్తరు? మా బతుకమ్మ కమిటీల పులిహోర కలపనీకే మనుషులు దొరుకుతలేరు.

పద్దుల పద్మ

రాకపోతే బూత్ పెట్టకండి తమ్ముడూ. అంతకన్నా సులువైన జవాబు నా దగ్గర లేదు.

స్వేచ్ఛా విపణి

పద్మ గారి పోస్టు చదివాక నా వాదన ఇంకా గట్టిపడింది. మూడు లైసెన్సులు, ఒక టాక్స్ రిటర్ను, రాత్రి కాపలా, ఇన్సూరెన్సు. ఇదంతా ఆదివారం బడి నడిపే నలుగురి నెత్తిన. ఊరికి నిజంగా పిల్లల చదువుకి, ఆటలకి డబ్బివ్వాలని ఉంటే బడ్జెట్‌లోంచి ఇవ్వాలి. గ్రాంటుగా ఇస్తే ఎంత ఇచ్చారో లెక్కల్లో కనిపిస్తుంది. బూత్ పద్ధతిలో ఊరి జేబులోంచి రూపాయి పోనట్టే కనిపిస్తుంది. ఫైర్ డిపార్ట్‌మెంట్ ఓవర్‌టైమ్, మర్నాడు చెత్త ఎత్తడం, ఎమర్జెన్సీ బిల్లులు, ఇవి ఎవరి లెక్కలోకి పోతున్నాయి?

ఊపిరి

దీనితో ఏకీభవిస్తున్నాను. ఒక ఊరు బూత్‌లకి అనుమతివ్వాలనే అనుకుంటే, కనీసం ఆ ఖర్చు మొత్తం పర్మిట్ ఫీజులో కలపాలి. సంఘం మీద కాదు, సరుకు దింపే కంపెనీ మీద. ఆ రాత్రి ఎన్ని కాల్స్ వచ్చాయి, ఎన్ని గడ్డి మంటలు, అందులో ముద్ర ఉన్న సరుకు వల్ల ఎన్ని, లేని సరుకు వల్ల ఎన్ని అన్నది ప్రతి ఆగస్టులో బయటపెట్టాలి. ఇప్పుడు ఇరువైపులా అందరం నమ్మకం మీద వాదించుకుంటున్నాం. ముద్ర ఉన్న చిచ్చుబుడ్డి వల్ల మంటలు రావు అని సీను గారు, వస్తాయి అని నేను. మా ఊరి లెక్క మా ఊరే చూపించాలి.

బూత్ నాన్న

దీనికి నాకూ అభ్యంతరం లేదు డాక్టర్ గారూ. కానీ ఆ ఫీజు కంపెనీ మీద వేస్తే మర్నాటి నుంచి మన వాటాలో కోస్తారు. ఊరు ఫీజుతో పాటు వాటాకీ ఒక కనీస హద్దు పెడితేనే ఉపయోగం. సంఘం చేతికి అమ్మకాల్లో ఇంత శాతం తగ్గకూడదని పర్మిట్‌లోనే రాసేయాలి. పేరు మాది వాడుకుంటున్నారు కాబట్టి ధర కూడా మేం చెప్పాలి కదా.

స్వేచ్ఛా విపణి గారూ, గ్రాంటు ఇవ్వాలన్నారు. బాగుంటుంది. మా ఊరు పార్కులో గడ్డికి నీళ్లు పెట్టడానికే డబ్బుల్లేవంటోంది. గ్రాంటు వచ్చేదాకా ఈత కొలను అద్దె మీరు కడతారా?

స్వేచ్ఛా విపణి

నేను కట్టను. ఊరు డ్రోన్ షో పెట్టి టికెట్ అమ్ముకోమనండి.

సిద్దిపేట సీను

డ్రోన్ షోకి మా అమ్మ రాదు అన్నా. వాసన రాదంట.

సత్యభామ

సీనూ 😀

కానీ ఒక మాట సీరియస్‌గా. 2025 జులై 1న మీ సాక్రమెంటోకి దగ్గరలోనే, యోలో కౌంటీ ఎస్పార్టోలో, బాణసంచా గోదాము పేలి ఏడుగురు చనిపోయారు. బూత్ పక్కన నిలబడ్డవాళ్లు ఆ వారం ఎలా నిద్రపోయారో నాకు తెలియదు.

బూత్ నాన్న

నిద్రపోలేదు. మా ఆవిడ ఆ వారం రోజుకి నాలుగుసార్లు ఫోన్ చేసింది. అది పెద్ద ప్రదర్శనల సరుకు ఉన్న గోదాము, మా బూత్ సరుకు వేరు. అయినా ఇంట్లో వాళ్లకి ఆ తేడా చెప్పి ఒప్పించడం కష్టం, నాకు నేనే చెప్పుకోవడమూ కష్టమే అయింది.

వంశధార

అందరికీ చాలా థాంక్స్. నిన్న రాత్రి కమిటీ జూమ్ మీటింగ్‌లో మీ పోస్టులు చదివి వినిపించాను. దరఖాస్తు ఈ ఏడాది పెట్టాలా అన్నదాని మీద ఓటింగ్ వచ్చే ఆదివారానికి వాయిదా పడింది. ఈలోగా ఒక హోల్‌సేలర్ ఒప్పందం కాగితం పంపించాడు. అందులో రెండు విషయాలు అర్థం కాలేదు, పద్మ గారూ. ఒకటి, "లాటరీలో వచ్చిన పర్మిట్ మీద వచ్చే మూడేళ్లూ మా సరుకే అమ్మాలి" అని ఉంది. రెండోది, ఏదైనా ప్రమాదం జరిగి కంపెనీ మీద కేసు పడితే ఆ ఖర్చు మా సంఘం భరించాలన్నట్టు ఉంది. ఇన్సూరెన్స్ వాళ్లదే అన్నారు కదా, మళ్లీ ఇదేంటి?

పద్దుల పద్మ

నేను లాయర్‌ని కాదు. సంతకానికి ముందు ఒక లాయర్‌కి చూపించండి, మనవాళ్లలోనే ఎవరైనా ఉచితంగా చూసిపెడతారు. నా మట్టుకి, మొదటిది మూడేళ్లు కాదు, ఒక్క ఏడాదికి మార్చమని అడగండి. వచ్చే ఏడాది కౌన్సిల్ నిషేధం పెట్టినా, మీకే వద్దనిపించినా బయటపడాలి కదా. రెండోది మొత్తం కొట్టేయమనండి. ఇన్సూరెన్స్‌లో మీ సంఘం పేరు, ఊరి పేరు రెండూ చేర్చిన సర్టిఫికెట్ ముందు చేతికి తీసుకోండి. కొట్టేయడానికి ఒప్పుకోకపోతే ఆదివారం ఓటింగ్ అవసరం కూడా లేదు.